కేక్ టిన్‌ను ఎందుకు వదలదు?

టిన్ బోర్లించాక ఒక చప్పుడు కోసం ఎదురుచూస్తాం. కేక్ వదిలితే మెత్తగా "దబ్" మంటుంది, చేతిలో టిన్ ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ చప్పుడు రాలేదంటే గుండె జారిపోతుంది. గంటన్నర పని, గుడ్లు, వెన్న, చక్కెర, అన్నీ ఆ టిన్‌లో ఇరుక్కుని ఉంటాయి, పక్క గదిలో తినేవాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒక నిమ్మ కేక్. మధ్యలో గొట్టం, చుట్టూ గాడులు ఉన్న టిన్ అది. వెన్న కరిగించి బ్రష్‌తో ధారాళంగా పూశాను, టిన్ పక్కన పెట్టాను, ఆ తర్వాతే గుడ్లు, చక్కెర గిలక్కొట్టడం మొదలుపెట్టాను. అరగంటకి పిండి పోసి ఓవెన్‌లో పెట్టాను. బాగా పొంగింది, వాసన ఇల్లంతా నిండింది. బోర్లిస్తే మాత్రం నడుం దగ్గర చీలిపోయి ముక్కలుగా ఊడింది. ఖాళీ టిన్ లోపల వేలితో తడిమి చూశాను. గొట్టం చుట్టూ, పక్క గోడల మీద గోధుమ రంగు పొర, గోరుతో గీకినా రానంత గట్టిగా ఉంది. అడుగు మాత్రం నున్నగా, జిడ్డుగా ఉంది. పూసిన వెన్నంతా నేను గుడ్లు గిలక్కొడుతున్నంతసేపూ గోడల మీద నుంచి జారి అడుగున చేరిందన్నమాట. వెన్నకేం తక్కువ చేయలేదు నేను, కానీ అవసరమైన టైమ్‌కి అది గోడ మీద లేదు.

ఆ తర్వాత చాలా కేకులు చేశాను, చాలా చదివాను, ఇప్పుడు ఈ విషయాన్ని నేను అర్థం చేసుకునే పద్ధతి ఇది: కేక్ టిన్‌కి అతుక్కునే సందర్భాలు రెండు. మొదటిది ఓవెన్‌లో, పిండి ఇంకా జారుగా ఉండి గట్టిపడుతున్నప్పుడు. రెండోది ఓవెన్‌లోంచి తీశాక, చల్లారుతున్నప్పుడు. వెన్న రాయండి, మైదా చల్లండి, కాగితం వేయండి, పది నిమిషాలు ఆగండి అంటూ అందరూ చెప్పే చిట్కాలన్నీ ఈ రెండింట్లో ఏదో ఒకదానికి పనికొచ్చేవే. ఏది దేనికో తెలియకపోతే అన్నీ చేసినా కేక్ అతుక్కుంటుంది, ఎందుకో అంతుపట్టదు.

పిండి లోహాన్ని పట్టుకునే తీరు

టిన్ ఎంత నున్నగా కనిపించినా సూక్ష్మంగా చూస్తే దాని మీద గుంటలు, గీతలు, ఎత్తుపల్లాలు ఉంటాయి. పల్చటి కేక్ పిండి వాటిలోకి దూరిపోతుంది. ఆ తర్వాత వేడి తగిలేసరికి ముందుగా గుడ్డులోని ప్రోటీన్ తన పని మొదలుపెడుతుంది. మామూలుగా ప్రోటీన్ అణువులు ఉండలు చుట్టుకుని ఉంటాయి, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటినప్పటి నుంచి ఆ ఉండలు విడిపోయి, పక్కన ఏది దొరికితే దాన్ని పట్టుకోవడానికి చూస్తాయి. పక్కన ఇంకో ప్రోటీన్ ఉంటే దాన్ని పట్టుకుంటాయి, అలాగే కేక్‌కి ఆకారం వస్తుంది. లోహం ఉంటే లోహాన్నీ పట్టుకుంటాయి. పెనం మీద నూనె లేకుండా గుడ్డు కొట్టి పోస్తే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది.

పిండిలోని స్టార్చ్ నీళ్ళు పీల్చుకుని ఉబ్బి జిగురుగా తయారవుతుంది. ఇక చక్కెర సంగతి. అది పిండిలోని నీటిలో కరిగి ఉంటుంది కదా, టిన్‌కి ఆనుకున్న భాగంలో నీరు ఆవిరైపోయేకొద్దీ పాకం చిక్కబడుతుంది. వేడిగా ఉన్నంతసేపు ఆ పాకం సాగుతుంది, చల్లారితే గాజులా బిగుసుకుంటుంది. అందుకే చక్కెర ఎక్కువ ఉన్న కేకులు, తేనె వేసినవి, పండ్ల ముక్కలు అడుగుకి దిగినవి అన్నిటికంటే మొండిగా అతుక్కుంటాయి. చాక్లెట్ ముక్కలు టిన్‌కి తగిలి కరిగినా అంతే.

ప్రోటీన్ ఓవెన్‌లో పట్టుకుంటుంది, చక్కెర బయటికొచ్చాక బిగిస్తుంది. ఇది గుర్తుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

వెన్న చేసేది, చేయలేనిది

టిన్‌కి కొవ్వు ఎందుకు రాస్తాం? పిండికీ లోహానికీ మధ్య ఒక పొర ఉండాలని. గుంటల్లోకి పిండి కంటే ముందు కొవ్వు చేరితే పిండికి చోటుండదు, ప్రోటీన్‌కి లోహం అందదు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఎవరూ పెద్దగా చెప్పని చిక్కు ఒకటుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కేక్ పిండిలో గుడ్డు, స్టార్చ్ గట్టిపడి నిలబడాలంటే 80 డిగ్రీలు దాటాలి, ఎందుకంటే చక్కెర ఎక్కువ ఉన్నకొద్దీ స్టార్చ్ ఉబ్బడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. అంటే వెన్న కరిగిన దగ్గర్నుంచి పిండి గట్టిపడేదాకా మధ్యలో చాలాసేపు ఆ గోడకి కాపలా సరిగ్గా ఉండదు. కరిగిన వెన్న కిందికి జారుతుంది, కొంత పిండిలో కలిసిపోతుంది, పైకి పొంగుతున్న పిండి గోడని రాసుకుంటూ వెళ్ళి ఇంకొంత తుడిచేస్తుంది.

దీనికి తోడు వెన్న మొత్తం కొవ్వు కాదు. అందులో సుమారు 80 శాతమే కొవ్వు, 16 నుంచి 18 శాతం దాకా నీరు, మిగిలిన ఒకటి రెండు శాతం పాల ప్రోటీన్, పాల చక్కెర, ఖనిజాలు. టిన్‌కి ఏవి తగలకూడదని వెన్న రాస్తున్నామో వాటినే కొంచెం మన చేత్తో మనమే పూస్తున్నాం. ఆ పాల పదార్థమే ముందుగా మాడి గోధుమ రంగు పొరగా గోడకి పడుతుంది. నా నిమ్మ కేక్ టిన్‌లో గోరుకి తగిలిన పొరలో అదీ ఉండే ఉంటుంది. రుచికి వెన్నని మించింది లేదు, పిండిలో తప్పకుండా వేసుకోండి. టిన్‌కి పూయడానికి మాత్రం నీరు, పాల పదార్థం లేని కొవ్వు మేలు. నెయ్యి అదే కాబట్టి బాగా పనిచేస్తుంది. వనస్పతి లాంటి షార్టెనింగ్ ఇంకా మేలు, ఎందుకంటే అది వెన్న కంటే ఎక్కువ వేడి దగ్గర కరుగుతుంది, గోడ మీద ఎక్కువసేపు నిలబడుతుంది.

వెన్నే వాడాలనుకుంటే కరిగించకండి. కరిగిస్తే నీరు, కొవ్వు, పాల పదార్థం వేటికవి విడిపోతాయి, బ్రష్‌కి ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి అంటుతుంది. గది వేడికి మెత్తబడిన వెన్నని బ్రష్‌తోనో వేలితోనో పల్చగా, ఎక్కడా ఖాళీ వదలకుండా పూసి, పిండి కలిపేంతవరకు టిన్‌ని ఫ్రిజ్‌లో పెట్టండి. గట్టిపడిన వెన్న జారదు. నేను ఆ రోజు ఈ ఒక్క పని చేసుంటే కేక్ చాలావరకు దక్కేదనే అనుకుంటాను.

నూనె ఒక్కటే రాస్తే ఇంకా కష్టం. నిలువు గోడ మీద అది నిలబడదు. పిండి తగలని అంచుల దగ్గర మిగిలిన నూనె ప్రతిసారీ కొంచెం కొంచెం కాలి, జిగురు జిగురుగా పసుపు రంగు పొరలా పేరుకుంటుంది. పాత టిన్ అంచుల్లో చూస్తాం కదా, సబ్బుకి కూడా లొంగని ఆ పొర అదే. అది పేరుకున్న చోట తర్వాతి కేక్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

మైదా చల్లడం దేనికి

ఈ ప్రశ్నకి చాలామంది దగ్గర "అలవాటు" తప్ప వేరే జవాబు ఉండదు. ఇందాక చెప్పుకున్న కాపలా లేని సమయానికి జవాబు మైదానే. కొవ్వు మీద చల్లిన పొడి రేణువులు కరిగిన కొవ్వుని పట్టి ఉంచుతాయి, జారిపోనివ్వవు, పిండిలోకి తేలిగ్గా కలవనివ్వవు. పైవైపు అవి పిండిలోని తడిని కొంచెం పీల్చుకుని పల్చటి పొడి పొరలా తయారవుతాయి. చివరికి టిన్‌కి తగిలేది ఆ పొరే, కేక్ కాదు.

చల్లే పద్ధతిలోనే ఉంది కిటుకంతా. ఒక టేబుల్‌స్పూన్ మైదా వేసి, టిన్‌ని ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ పక్కల్ని అరచేత్తో తడితే పొడి కొవ్వున్న చోటల్లా అంటుకుంటుంది. ఎక్కడైనా లోహం మెరుస్తూ కనిపించిందంటే అక్కడ కొవ్వు పడలేదని అర్థం, అక్కడ మళ్ళీ పూసి మళ్ళీ చల్లాలి. అంటే మైదా తనిఖీ చేసి కూడా పెడుతుంది, నాకు అన్నిటికంటే నచ్చేది ఈ ఉపయోగమే. అయ్యాక టిన్‌ని సింక్ మీద బోర్లించి గట్టిగా రెండు దెబ్బలు కొట్టండి. మిగిలిన పొడి రాలిపోవాలి, లేకపోతే కేక్ మీద తెల్లటి మచ్చలు పడతాయి, తింటే నోటికి పొడిపొడిగా తగులుతుంది. చాక్లెట్ కేక్ అయితే మైదా బదులు జల్లించిన కోకో పొడి చల్లండి, రంగు కలిసిపోతుంది. చక్కెర చల్లే పద్ధతి కూడా ఉంది, అంచు కరకరలాడుతూ బాగుంటుంది కానీ గాడులున్న టిన్‌కి వద్దు, అది కరిగి పాకమైతే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ రెండు పనుల్నీ ఒకే దాంట్లో పెట్టిన మిశ్రమం ఒకటుంది, నేను ఇప్పుడు ఎక్కువగా వాడేది అదే. మైదా, నూనె, షార్టెనింగ్, మూడూ సమానంగా, ఉదాహరణకు రెండేసి టేబుల్‌స్పూన్లు, గిన్నెలో వేసి ఉండల్లేకుండా గిలక్కొడితే చిక్కటి క్రీములా వస్తుంది. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే చాలా రోజులు నిలవ ఉంటుంది. బ్రష్‌తో పూస్తే గోడ మీద కదలకుండా నిలబడుతుంది, విడిగా పొడి చల్లే పని ఉండదు. పల్చగా పూయాలి, బ్రష్ గీతలు కనిపించేంత దట్టంగా ఉంటే ఆ గీతలు కేక్ మీదా కనిపిస్తాయి.

డబ్బాల్లో దొరికే స్ప్రేల గురించి కూడా చెప్పాలి. వాటిలో నూనెతో పాటు సాధారణంగా లెసిథిన్ ఉంటుంది. లెసిథిన్ అణువుకి ఒక కొస లోహం మీద పట్టుగా నిలుస్తుంది, ఇంకో కొస కొవ్వు వైపు ఉంటుంది, అందుకే మామూలు నూనె కంటే ఆ పొర బాగా నిలబడుతుంది. మైదా కలిపిన బేకింగ్ స్ప్రేలు గాడుల టిన్లకి చాలా సౌకర్యం. కానీ రెండు జాగ్రత్తలు. ముందే కొట్టి పెట్టుకుంటే అదీ అడుగుకి జారుతుంది, పిండి పోసే ముందు క్షణంలో కొట్టాలి. రెండోది, నాన్‌స్టిక్ టిన్ మీద తరచూ కొడితే లెసిథిన్ కాలి, కడిగినా పోని జిగట పొరగా పేరుకుంటుంది. చాలా నాన్‌స్టిక్ టిన్లు కొన్నాళ్ళకి అంటుకోవడం మొదలుపెట్టేది ఈ పొర వల్లే, పూత పాడైపోయిందని వాటిని పారేస్తుంటారు.

కాగితం ఉంటే సగం చింత ఉండదు

చదునైన అడుగున్న టిన్ అయితే నా సలహా ఒక్కటే, అడుగున కాగితం వేయండి. గుండ్రం టిన్ కేకుకి ఇంత భరోసా ఇచ్చేది ఇంకోటి లేదు. పక్కలు కత్తితో వదిలించొచ్చు, అడుగుకి కత్తి చేరదు.

ఏ కాగితమన్నది ముఖ్యం. బటర్ పేపర్ అని మనం ఒకే మాటతో పిలిచేవాటిలో మూడు రకాలున్నాయి. సిలికాన్ పూత ఉన్న పార్చ్‌మెంట్ కాగితం అసలైనది, దానికి ఏదీ అంటుకోదు, మామూలుగా 220 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ప్యాకెట్ మీద అంకె రాసి ఉంటుంది చూసుకోండి. రెండోది జిడ్డు పీల్చకుండా తయారుచేసిన మామూలు కాగితం, పూత ఉండదు, కాబట్టి దాని మీద కూడా కొవ్వు రాయాల్సిందే, రాయకపోతే కేక్‌తో పాటు పొరలు పొరలుగా చిరుగుతుంది. మూడోది మైనపు కాగితం. వేడికి మైనం కరుగుతుంది, పొగ కూడా రావచ్చు, ఓవెన్‌కి పనికిరాదు. "కాగితం వేసినా అతుక్కుంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఏ కాగితం వేశారనే.

గుండ్రంగా కత్తిరించడానికి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ కోణంగా మడుస్తూ సన్నటి త్రికోణం చేయండి, మొనని టిన్ మధ్యలో ఆనించి, అంచు ఎక్కడికొస్తుందో అక్కడ కత్తిరించండి. విప్పితే సరిగ్గా పట్టే చక్రం. కాగితం కింద రెండు మూడు చుక్కలు కొవ్వు పెడితే పిండి పోసేటప్పుడు జరగదు, ముడతలు పడదు. బ్రెడ్ ఆకారంలో ఉండే పొడవాటి టిన్‌కి రెండు పక్కలా అంచు దాటి బయటికి వచ్చేంత కాగితం పట్టీ వేస్తే, ఆ చివర్లు పట్టుకుని కేక్‌ని ఎత్తేయొచ్చు, బోర్లించే పనే లేదు.

టిన్ సంగతి

గాడులున్న టిన్ ఎందుకంత ఇబ్బంది పెడుతుంది అంటే, ఒకే పరిమాణం పిండికి అందులో లోహం తగిలే వైశాల్యం చాలా ఎక్కువ, పైగా కత్తి దూర్చడానికి వీల్లేదు, కాగితం వేయడానికి వీల్లేదు. అమెరికాలో నార్డిక్ వేర్ సంస్థకి చెందిన డేవిడ్ డాల్‌క్విస్ట్ 1950లో ఇలా గాడులు, మధ్యలో గొట్టం ఉన్న బండ్ట్ టిన్‌ని తయారుచేశారు, 1966లో ఒక పెద్ద బేకింగ్ పోటీలో ఆ టిన్‌లో చేసిన చాక్లెట్ కేక్‌కి రెండో బహుమతి వచ్చాక అది ఇంటింటికీ చేరింది. అందం దాని గాడుల్లోనే ఉంది, అతుక్కునేదీ అక్కడే. వాటికి ప్రతి గాడిలోకీ బ్రష్ కొసతో వెళ్ళాలి. అందరూ మర్చిపోయేది మధ్య గొట్టం, ముఖ్యంగా దాని పైభాగం. పిండి అక్కడిదాకా పొంగుతుందని పోసేటప్పుడు తోచదు.

నాన్‌స్టిక్ పూత అంటే ఎక్కువగా టెఫ్లాన్ అని పిలిచే పదార్థమే. 1938లో డ్యూపాంట్‌లో పనిచేస్తున్న రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లకి వాడే వాయువుల మీద పరిశోధన చేస్తుంటే అనుకోకుండా బయటపడింది అది. దానికి దాదాపు ఏదీ అంటుకోదు, నిజమే, కానీ పూత మీద గీత పడ్డ చోట కింద ఉన్నది మామూలు లోహమే. కాబట్టి నాన్‌స్టిక్ అయినా పల్చగా కొవ్వు రాయండి, లోహపు కత్తి తగలనివ్వకండి, గరుకు పీచుతో తోమకండి. సిలికాన్ అచ్చులు సులభంగా వదుల్తాయి, అంచులు మాత్రం అంతగా ఎర్రబడవు, వాటికీ కొంచెం నూనె రాయడం మంచిది.

నల్లటి టిన్ల విషయం చాలామంది పట్టించుకోరు. ముదురు రంగు ఓవెన్ వేడిని ఎక్కువగా లాక్కుంటుంది, లోపల ఉడికేలోపే అంచు గట్టిపడి ముదిరిపోతుంది, చక్కెర మాడి అతుక్కుంటుంది. వేడి 10 నుంచి 15 డిగ్రీలు తగ్గించండి. లేత రంగు అల్యూమినియం టిన్ అయితే వేడి సమంగా పాకుతుంది, బేకింగ్‌కి నాకు అన్నిటికంటే నమ్మకమైనది అదే.

ఇంకో చిన్న సంగతి. పిండి పోసేటప్పుడు అంచుల మీద చింది పడ్డ చుక్కల్ని వెంటనే తుడిచేయండి. పల్చటి చుక్క కాబట్టి ముందు మాడేది అదే, పొంగిన కేక్ అంచుని ఆ చుక్కే పట్టుకుంటుంది. టిన్‌ని మూడింట రెండు వంతులకి మించి నింపకండి, పొంగి అంచు మీదికి ఒరిగితే అక్కడ కొవ్వు ఉండదు కదా.

ఓవెన్ బయట పది నిమిషాలు

ఇప్పుడు రెండో సందర్భం. కొవ్వు, మైదా, కాగితం అన్నీ సరిగ్గా పెట్టి, చివర్లో ఇక్కడ కేక్ పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

ఓవెన్‌లోంచి తీసిన క్షణంలో కేక్ మధ్యభాగం 95 డిగ్రీల పైన ఉంటుంది. స్టార్చ్ ఇంకా మెత్తగా ఉంటుంది, కొవ్వు ద్రవంగా ఉంటుంది, గుల్ల గుల్లగా ఉన్న లోపలి భాగానికి తన బరువు తాను మోసే బలం రాలేదు. అప్పుడే బోర్లిస్తే టిన్ వదిలినా కేక్ తనంతట తాను చీలిపోతుంది. అలాగని చల్లారేదాకా టిన్‌లో ఉంచితే లోపలి ఆవిరి బయటికి పోయే దారిలేక గోడల దగ్గర నీరుగా మారి అంచుని తడిపేస్తుంది, పాకం బిగుసుకుంటుంది, కరిగిన కొవ్వు గడ్డకడుతుంది. ఈ రెండింటి మధ్యలో కొద్దిసేపు కేక్ గట్టిపడి ఉంటుంది, పాకం మాత్రం ఇంకా మెత్తగా ఉంటుంది. ఆ సమయం కోసమే మనం ఆగేది. మామూలు గుండ్రం కేకుకి 10 నిమిషాలు, పెద్ద గాడుల టిన్‌కి 10 నుంచి 15. మఫిన్లు చిన్నవి కాబట్టి ఐదు నిమిషాలు చాలు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, "కాసేపు" అనుకుంటే అది అరగంట అవుతుంది.

టిన్‌ని జాలీ స్టాండ్ మీద పెట్టి ఆగాలి, కిందనుంచి కూడా గాలి తగలాలి. పది నిమిషాలయ్యాక సన్నటి కత్తి, నాన్‌స్టిక్ అయితే ప్లాస్టిక్‌ది, గోడకి ఆనించి, మొనని కేక్ వైపు కాకుండా టిన్ వైపు నొక్కుతూ చుట్టూ ఒకే ఊపులో తిప్పండి. పైకీ కిందికీ కోస్తే అంచు చిందరవందరవుతుంది. తర్వాత స్టాండ్‌ని టిన్ మీద బోర్లా పెట్టి, రెండింటినీ గుడ్డతో కలిపి పట్టుకుని ఒక్కసారి తిప్పండి. వెంటనే ఎత్తకండి. ఆ చప్పుడు కోసం వినండి.

అతుక్కోవాల్సిన కేకులు కూడా ఉన్నాయి

ఇప్పటిదాకా చెప్పిందంతా తిరగబడే చోటు ఒకటుంది. ఏంజెల్ ఫుడ్ కేక్, షిఫాన్ కేక్ లాంటివి ప్రధానంగా గిలక్కొట్టిన తెల్లసొన నురుగు మీదే నిలబడతాయి. ఆ పిండి పొంగేటప్పుడు గోడని పట్టుకుని పాకుతూ పైకి వెళ్తుంది. టిన్‌కి కొవ్వు రాస్తే పట్టు దొరక్క జారిపోతుంది, నురుగుకి కొవ్వు తగిలితే అదీ దిగిపోతుంది, కేక్ పొట్టిగా, గట్టిగా తయారవుతుంది. కాబట్టి ఈ కేకులకి టిన్ పక్కల ఏమీ రాయకూడదు, నాన్‌స్టిక్ టిన్ కూడా వద్దు. కాలాక టిన్‌ని తలకిందులుగా, సీసా మూతికో టిన్‌కున్న కాళ్ళ మీదో నిలబెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. వేలాడుతూ చల్లారితేనే నురుగు తన బరువుకి తాను కుంగిపోకుండా ఆ ఎత్తులోనే గట్టిపడుతుంది. అలా వేలాడాలంటే గోడని గట్టిగా పట్టుకుని ఉండాలి కదా. పూర్తిగా చల్లారాకే సన్నటి కత్తితో వదిలించాలి.

చీజ్‌కేక్ ఇంకో దారి. అది చల్లారుతూ లోపలికి ముడుచుకుంటుంది. అంచులు టిన్‌కి అతుక్కుని ఉంటే ముడుచుకునే మధ్యభాగం లాగుడుకి పగుళ్ళిస్తుంది. అందుకే ఓవెన్‌లోంచి తీసిన కాసేపటికే అంచు చుట్టూ కత్తి తిప్పి వదిలించాలి, కానీ టిన్‌లోంచి మాత్రం బాగా చల్లబడేదాకా తీయకూడదు.

ఇంత చేసినా వదలకపోతే

ముందు కంగారుపడకండి, విదిలించకండి. చాలా కేకులు అతుక్కున్నందువల్ల కాదు, కంగారులో కుదపడం వల్ల విరుగుతాయి. బోర్లించిన టిన్‌ని అలాగే స్టాండ్ మీద ఐదు నిమిషాలు వదిలేయండి, బరువుకి, లోపలి ఆవిరికి తనంతట తానే దిగుతుంది, చాలాసార్లు ఇక్కడే పని అయిపోతుంది. దిగకపోతే వేడి నీళ్ళలో ముంచి పిండిన మందపాటి గుడ్డని టిన్ మీద కప్పి, గాడుల్లోకి నొక్కి, రెండు మూడు నిమిషాలు ఉంచి, చేత్తో నాలుగువైపులా తట్టండి. వేడికి పాకం, కొవ్వు మళ్ళీ మెత్తబడతాయి. కేక్ టిన్‌లోనే పూర్తిగా చల్లారిపోయి ఉంటే అదే పని ఓవెన్ చేస్తుంది, తక్కువ వేడిలో మూడు నాలుగు నిమిషాలు పెట్టి తీసి బోర్లించండి.

దానికీ లొంగకపోతే ఆఖరి దారి ఫ్రీజర్. ఒక గంటో రెండు గంటలో పెడితే కేక్ రాయిలా గట్టిపడుతుంది, ఇక ఎలా లాగినా ముక్కలు కాదు. అప్పుడు టిన్ బయటివైపు వేడి గుడ్డ కాసేపు ఆనిస్తే టిన్‌కి తగిలిన పొర మాత్రమే కరుగుతుంది, కేక్ మొత్తంగా ఊడి వస్తుంది. వెన్న ఎక్కువున్న బరువైన కేకులకి ఇది బాగా పనిచేస్తుంది, నురుగు కేకులకి వద్దు.

చివరికి కొన్ని ముక్కలు టిన్‌కే ఉండిపోతే టిన్ వేడిగా ఉండగానే చెక్క గరిటెతో తీసి, ఊడిన చోట పజిల్ ముక్కల్లా పెట్టి నొక్కేయండి. కేక్ వెచ్చగా ఉంటే చాలావరకు అతుక్కుంటాయి, పైన ఐసింగ్ పోస్తే అతుకులు కనిపించవు. ఖాళీ అయిన టిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు పోసి అరగంట వదిలేయండి. గీకాలనిపిస్తుంది, ఆగండి, పాకం నీళ్ళలో తనంతట తానే కరుగుతుంది. మెత్తటి స్పాంజ్‌తో తుడిచి, గాడుల్లో పాత బ్రష్ తిప్పి, తడి లేకుండా ఆరనివ్వండి. ఇప్పుడు పడ్డ గీతలోకే తర్వాతి కేక్ పిండి దూరేది.